నలభై రెండో సంతకం

నలభై రెండు కుటుంబాల్లో నలభై ఒకటి సంతకాలు పెట్టేశాయి. పెట్టనిది మా ఇల్లొక్కటే. ఆ కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన చర్చి సంఘ కార్యదర్శిని నేనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, ఇంటికొచ్చి, చొక్కా విప్పి అరుగు మీద కూర్చునేవాణ్ణి. లోపల మా ఆవిడ తెరేసమ్మ పళ్లెంలో అన్నం పెట్టి, పళ్లెం చప్పుడయ్యేలా దించి వెళ్ళేది. అదే ఆ వేసవిలో మా ఇద్దరికీ మాటా మంతీ.

సంగతి ఇదీ. ఉయ్యూరు దాటాక మా ఊరి పక్కగా కొత్త బైపాస్ రోడ్డు వస్తోంది. అది సరిగ్గా మా సమాధుల తోట మీదుగా పోతుంది. బదులుగా కాలవ అవతల ఎకరం స్థలం ఇస్తామన్నారు. తోటలో తమవాళ్ళున్న ప్రతి కుటుంబమూ జూన్ ముప్పైలోగా ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఒక్కరు మిగిలినా కోర్టులు, వాయిదాలు. కొత్త స్థలం సంగతి దేవుడెరుగు, రోడ్డు మాత్రం ఆగదు.

మా దీవెన అక్కడే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు వేల అయిదులో విషజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. ఆ తర్వాత మాకు పిల్లల్లేరు.

వీఆర్వో వెంకటప్పయ్య గారు వారానికోసారి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. మంచివాడే. ఆయనకీ ఈ పని మీద విసుగే.

"జయపాల్ గారూ, నాకూ మనసొప్పట్లేదండీ. పైనుంచి రోజూ ఫోన్లు. మీ ఒక్కరి దగ్గరే ఆగిందండీ."

"మా ఆవిడతో మీరే చెప్పండి," అన్నాను.

చెప్పాడు. తెరేసమ్మ ఆయనకి మజ్జిగిచ్చి, మర్యాదగా విని, చివర్న ఒకే ప్రశ్న వేసింది.

"మరి ఎల్సా దొరసానమ్మకి సంతకం ఎవరు పెడతారండీ?"

ఆయన నావంక చూశాడు. నేను కాగితాలవంక చూశాను. జాబితాలో ఆ పేరే లేదు.

ఎల్సా దొరసాని మిషన్ ఆస్పత్రిలో నర్సు. మా అత్తగారికి బొడ్డు కోసింది ఆవిడే. పందొమ్మిది వందల యాభై ఒకటిలో ఇక్కడే పోయింది. నవంబరు రెండున సమాధుల పండగకి అందరూ తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. దొరసానికి ఎవరూ లేరు కాబట్టి మా అత్తగారు చేసేది, ఆమె తర్వాత తెరేసమ్మ చేస్తోంది. దీవెన సమాధికి కలిపిన సున్నంలోనే ఆవిడకీ ఒక బకెట్టు.

"ఆవిడ తరఫువాళ్ళు పెడితే నేనూ పెడతా," అంది తెరేసమ్మ. "పెద్దావిడ్ని దిక్కులేనిదాన్ని చేసి రోడ్డు కింద వదిలేసి, మన పిల్లని మాత్రం తెచ్చుకోమంటే నా వల్ల కాదండీ."

డెబ్బై మూడేళ్ళ కిందట పోయిన మనిషికి బంధువులు దొరకరని ఆమె ధైర్యం. నా ధైర్యమూ అంతే. కానీ ముప్పై మూడేళ్ళు బందరు రూట్లో కండక్టరుగా చేసినవాణ్ణి. టికెట్టు తీసుకోని ఒక్క మనిషి కోసం కిక్కిరిసిన బస్సులో ఆ చివరినుంచి ఈ చివరికి వెళ్ళడం అలవాటు. దొరసాని రాతిమీద పేరు కింద ఊరి పేరు కూడా చెక్కి ఉంది, విస్బీ అని. మా చర్చి పాస్టరు అయ్యగారు ఫోన్లో వెతికితే అది స్వీడన్ దేశంలో సముద్రం మధ్య ఒక దీవిలోని పాత పట్నమని తేలింది. అక్కడి చర్చి ఆఫీసుకి నా ఇంగ్లీషులో ఈమెయిల్ రాసి, తెరేసమ్మ సున్నం కొడుతున్న ఫొటో ఒకటి జతచేసి, మరిచిపోయాను.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. రాసినావిడ పేరు బ్రిట్టా. ఎల్సా తన తాతగారి చెల్లెలట. తనకి డెబ్బై నాలుగేళ్ళు, తుంటి ఆపరేషన్ అయింది, ఇండియా దాకా రాలేనంది. ఎవరో పంపిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టనంది. 'ఆ ఫొటోలో ఉన్నామెని చూడాలి. ఇద్దరికీ టికెట్లు పంపుతాను, రండి,' అని రాసింది.

తెరేసమ్మకి చదివి వినిపించాను. ఆమె మొహం వాడిపోయింది. అప్పుడు నాకర్థమైంది, ఆమె అడ్డం పెట్టుకున్న ఒకే ఒక్క తలుపు నేను తెరిచేశానని.

"అన్న మాట అన్నాగా," అంది. "పోదాం పదండి."

*

ఆ ప్రయాణం గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు, అలసట తప్ప. వీసా కోసం హైదరాబాదు రెండుసార్లు, గన్నవరంలో విమానం, ఇంకో రెండు విమానాలు, ఒక రైలు, ఆఖర్న మూడు గంటలకి పైగా ఓడ. మనుషుల్ని మోసుకెళ్ళడమే తప్ప నేను ఇంత దూరం ప్రయాణికుడిగా ఎన్నడూ కూర్చోలేదు. ఎక్కినవాళ్ళనీ దిగినవాళ్ళనీ నా కళ్ళు వాటంతటవే లెక్కపెడుతున్నాయి. తెరేసమ్మ చీర మీద స్వెటరు, కాళ్ళకి మేజోళ్ళు, వాటిమీద హవాయి చెప్పులు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్ళో గోంగూర పచ్చడి సీసా. విస్బీ కనబడేదాకా ఆమె నాతో అన్నవి మూడు మాటలు. అందులో రెండు మందుబిళ్ళ వేసుకోమని.

బ్రిట్టా రేవులో చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. తెల్లటి పొట్టి జుట్టు, మనిషి సన్నం. తెరేసమ్మని చూడగానే దగ్గరికొచ్చి ఆమె రెండు చేతులూ తిరగేసి అరచేతులు చూసింది. సున్నానికి పగిలిన చేతులు. తెరేసమ్మ సిగ్గుపడి కొంగులో దాచుకోబోయింది.

"వందనాలండీ," అంది తెలుగులోనే.

మర్నాడు పొద్దున బ్రిట్టా మమ్మల్ని ఊరు చూపించడానికి తీసుకెళ్ళింది. ఊరి చుట్టూ పాతకాలపు రాతిగోడ, బురుజులతో సహా చెక్కుచెదరకుండా ఉంది. సందుల్లో ప్రతి ఇంటి గోడకీ గులాబీలు పాకించారు. గోడ లోపల ఒకప్పుడు డజనుకి పైగా చర్చి గుళ్ళు ఉండేవట. ఇప్పుడు ప్రార్థన జరిగేది ఒక్కదాంట్లో. మిగతావి అయిదారు వందల ఏళ్ళుగా పాడుబడి ఉన్నాయి. పడగొట్టలేదు, తిరిగి కట్టనూ లేదు. చర్చికి పోవడమంటే ఆ ఊళ్ళో టూరిస్టులకి అర్థం ఈ మొండిగోడలు చూడ్డానికి పోవడమే.

నా అలసట చెప్పలేను. మోకాళ్ళు లాగుతున్నాయి. జేబులో సంతకం కాగితం ఉంది. బ్రిట్టా ఆ ఊసెత్తదు, నేనెత్తబోతే తెరేసమ్మ కళ్ళతోనే ఆపుతుంది. సెంటర్లో ఉన్న పెద్ద గుడి దగ్గరికొచ్చాం. గేటు దాటబోతూ చూస్తే పక్కన తెరేసమ్మ లేదు. వెనక్కి తిరిగాను. గేటు బయట చెప్పులు విడిచి, మేజోళ్ళు తీసి చెప్పుల్లో కుక్కుతోంది. కొంగు తలమీదికి లాక్కుంది.

"తెరేసా, ఇది నడిచే గుడి కాదు. పాడుబడింది. చెప్పులేసుకో, రాళ్ళు చల్లగా ఉంటాయి."

"పాడుబడితే గుడి కాకుండా పోతుందాండీ?"

నేనూ విప్పాను. బ్రిట్టా మమ్మల్నిద్దర్నీ చూసి, ఆ తుంటితో వంగలేక, గోడ పట్టుకుని ఒక బూటుని రెండో బూటుతో తొక్కి లాగేసింది. టికెట్టిచ్చే అమ్మాయి మూడు జతల చెప్పుల వంకా చూస్తూ ఉండిపోయింది.

లోపల పైకప్పు లేదు. రెండు వరసల స్తంభాలు, వాటి మీంచి ఒకదాన్నొకటి అందుకుంటున్న రాతి కమానులు, పైన ఆకాశం. గూళ్ళలో చిన్నసైజు కాకులు అరుస్తున్నాయి. ఎవరో పిల్లలు ఐస్‌క్రీం తింటూ పరిగెడుతున్నారు. నాకు బాగుందో లేదో తెలీలేదు. పనివాళ్ళు భోజనానికెళ్ళి అయిదు వందల ఏళ్ళయినా తిరిగిరాని ఇల్లులా ఉంది.

నాలుగడుగులు వేసి తెరేసమ్మ ఠక్కున ఆగిపోయింది.

"ఏమండీ, కింద మనుషులున్నారు."

చూశాను. నేలంతా పరిచినవి మామూలు బండలు కావు, సమాధిరాళ్ళు. కొన్నిటిమీద శిలువ గుర్తు, కొన్నిటిమీద అక్షరాలు, చాలావాటిమీద ఏమీ మిగల్లేదు. జనం వాటిమీద నుంచే నడుస్తున్నారు, నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. తెరేసమ్మ రెండు రాళ్ళ మధ్య సందులో మొలిచిన గడ్డిమీద పాదాలు జోడించి నిలబడిపోయింది. అటూ పోలేదు, ఇటూ రాలేదు.

"ఈ రాయి కిందున్నది ఎవరో అడగండి," అంది.

అడిగాను. తెలియదు, అక్షరాలరిగిపోయాయంది బ్రిట్టా.

"ఎవరూ రారా వీళ్ళ కోసం?"

"ఊరంతా వస్తారు," అంది బ్రిట్టా. "వీళ్ళ కోసం ఎవరూ రారు."

అక్కడే గోడవారన ఉన్న రాతిగట్టు మీద కూర్చుని ఆవిడ తన ఇంటి సంగతి చెప్పింది. వాళ్ళ దేశంలో సమాధి స్థలం పాతికేళ్ళకిస్తారట. గడువు తీరాక ఇంటివాళ్ళు మళ్ళీ రాయించుకోవాలి. బ్రిట్టా అప్పట్లో ఎక్కడో వేరే దేశంలో ఉద్యోగం చేస్తోంది. నోటీసు పాత చిరునామాకి వెళ్ళింది. వచ్చి చూసేసరికి అమ్మానాన్నల రాయి తీసేశారు, ఆ చోట్లో ఇంకెవరో ఉన్నారు. "మా ఇంటి మొత్తానికి పేరుతో మిగిలిన సమాధి మీ ఊళ్ళో ఉన్నదొక్కటే. మీరు ఫొటో పంపేదాకా ఆ సంగతి నాకూ తెలియదు. మీరేమో దాన్నీ తీసేస్తామంటున్నారు." ఆవిడ నా జేబు వంక చూసింది. "నాకు సంతకం పెట్టాలని లేదు. కానీ ఇన్నేళ్ళు చూసుకున్నది నేను కాదు, ఆమె. ఆమెనే అడగండి. పెట్టమంటే పెడతాను, వద్దంటే వద్దు."

ఇదంతా ఇంగ్లీషులో. తెరేసమ్మకి ఇంగ్లీషు రాదు. నా మొహం చూస్తూ నిలబడింది.

ఆవిడ పెడతానంది అని ఒక్క ముక్క చెప్తే చాలు. ఇచ్చిన మాట ప్రకారం తెరేసమ్మ కూడా పెట్టేస్తుంది. నా తిరుగుడు ఆగుతుంది. నిజం చెప్తే నాలుగు నెలల పని గంగలో కలుస్తుంది. అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పాదాలు చూశాను. చలికి ఎర్రబడి, ఎవరో తెలియని మనిషి మీద మోపకుండా గడ్డిలో ముడుచుకున్న పాదాలు. చెప్పలేకపోయాను. బ్రిట్టా అన్నది అన్నట్టుగా చెప్పేశాను.

తెరేసమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, తన చేతిరుమాలు తడిపి, నాకు అందించింది.

"తుడవండి."

"ఏంటి?"

"ఆ రాయి. నాచుపట్టింది. తుడవండి."

"జనం చూస్తున్నారు తెరేసా."

"చూడనీండి. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి వంగారా మీరు?"

వంగలేదు. ప్రతి నవంబరు రెండునా డ్యూటీ అడిగి మరీ వేయించుకునేవాణ్ణి. రిటైరయ్యాక ఆ రోజున పెన్షన్ పనుందని బెజవాడ వెళ్ళి, బస్టాండులో పేపరు చదువుకుని సాయంత్రానికి వచ్చేవాణ్ణి. మొదటిరోజు నుంచే అంతే. దీవెన పోయిన రోజు, పిల్లని ముందుగదిలో పడుకోబెట్టి సంఘమంతా పాటలు పాడుతుంటే, నేను నా టికెట్ పంచ్ కోసం ఇల్లంతా వెతికాను. అప్పట్లో టికెట్టుకి చిల్లు పెట్టడానికి కండక్టరు చేతిలో ఉండే ఇనప వస్తువు. బీరువాలో చూశాను, మంచం కింద చూశాను. ఏడుస్తున్న తెరేసమ్మ దగ్గరికెళ్ళి, "పంచ్ ఎక్కడ పెట్టావు?" అని నలుగురిలో రెండుసార్లు అడిగాను. ఎందుకడిగానో నాకిప్పటికీ తెలియదు. చేతులకేదో పని కావాలి. ఆమె ఏమీ చెప్పలేదు. మూడోరోజు డిపోలో పోయిందని రాసిచ్చి, ఇంకోటి తీసుకుని బస్సెక్కాను. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, కానీ అది ఇంట్లోంచి పోనూ లేదు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. తుడుస్తుంటే పచ్చటి నాచు రుమాలుకి అంటుకుని, కింద చిన్న గీతలు బయటపడ్డాయి. అక్షరాలో కావో. ఆ కింద ఉన్నది పెద్దవాడో పిల్లో నాకు తెలియదు. ఆ మనిషి కోసమైతే కాదు గానీ నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఐస్‌క్రీం పిల్లలు దూరం జరిగారు. తెరేసమ్మ నా పక్కన కూర్చుని సీసాలో మిగిలిన నీళ్ళు కొంచెం కొంచెంగా రాయిమీద పోసింది.

"ఆవిడ్ని పెట్టమనండి," అంది నీళ్ళు అయిపోయాక. "నేనూ పెడతా. ఇక్కడ రాళ్ళన్నీ ఉన్నాయి, మనుషులెవరో తెలీదు. మన పిల్లకి అలా కానివ్వను. కాలవ అవతలికైనా మోసుకెళ్ళి, పేరు రాయిస్తా. ఆవిడక్కూడా."

కాగితం తీయబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క మాట. దీవెనని తియ్యడానికి కూలీవాళ్ళొద్దు. మీరే దిగాలి."

"నా వల్ల కాదు తెరేసా."

"నావల్ల మాత్రం అయిందాండీ ఇన్నేళ్ళు?"

సరేనన్నాను. బ్రిట్టా ఆ రాతిగట్టు మీదే కాగితం పెట్టుకుని సంతకం చేసింది. మేం బయల్దేరేరోజు గులాబీ అంటు ఒకటి తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. మొక్కలు విమానంలో తీసుకుపోనివ్వరని ఓడెక్కే వరసలో ఎవరో చెబితే, తెరేసమ్మ దాన్ని రేవులోనే బ్రిట్టాకి తిరిగిచ్చేసి, మాగాణి నేలలో ఎలాగూ బతకదులెమ్మంది. పచ్చడి సీసా మాత్రం ఆవిడకిచ్చి, కొంచెమే తినమని నాచేత రెండుసార్లు చెప్పించింది.

*

జూన్ ఇరవై ఎనిమిదిన తెరేసమ్మ వెంకటప్పయ్య గారి ఎదురుగా కూర్చుని, పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. ఆయన జాబితా అడుగున చేత్తో ఎల్సా దొరసాని పేరు కూడా చేర్చి, బ్రిట్టా కాగితం దానికి కుట్టాడు.

"చాలా దూరం వెళ్ళొచ్చారండీ దీనికోసం," అన్నాడు.

"అవునండీ," అంది తెరేసమ్మ.

జూలై రెండో వారంలో, వానలు ముదరకముందే తవ్వకాలు మొదలుపెట్టారు. అయ్యగారు ప్రార్థన చేశారు. ఒక్కో కుటుంబమూ ఒక్కో చిన్న చెక్కపెట్టె తెచ్చుకుంది. దొరసానిని ముందు తీశారు. తెరేసమ్మే తెల్లగుడ్డ పరిచి అందుకుంది. తర్వాత మా వంతు. కూలీ మనిషి పలుగుతో పైనున్న రాతికట్టు పగలగొట్టి పక్కకి తప్పుకున్నాడు. నేను లుంగీ ఎగ్గట్టి దిగాను.

నల్లరేగడి. పైన గట్టి, లోపల తడి. పారతో కొంత, తర్వాత చేత్తో తీశాను. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని, ఆయాసం వచ్చింది. పైనుంచి ఎవరో, "పాల్ గారూ, మేం దిగుతాం లెండి," అన్నారు. వద్దన్నాను. పెట్టె చెక్క ఎప్పుడో మట్టయిపోయింది. మిగిలినవి చాలా కొద్ది. ఒక్కొక్కటీ పైకి అందిస్తుంటే తెరేసమ్మ గుడ్డలో సర్దుతోంది.

ఆఖర్న, చెయ్యి ఉండాల్సిన చోట, మట్టిలో గట్టిదేదో తగిలింది. లాగాను. తుప్పుపట్టి ముద్దయిపోయింది. కానీ ఆ రెండు పిడుల వంపు నా అరచేతికి తెలుసు. పదిహేనేళ్ళు పట్టుకున్న వస్తువు. మట్టి తుడవకముందే తెలిసిపోయింది.

గోతిలో నిలబడే తలెత్తాను. తెరేసమ్మ అంచున కూర్చుని నా చేతివంకే చూస్తోంది. ఆమెకి ఆశ్చర్యం లేదు.

"నువ్వు పెట్టావా?"

"అదే అడిగింది. ఆస్పత్రిలో. నాన్న టిక్కుటిక్కు నాకిస్తాడా అమ్మా అని."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా. ఇల్లంతా వెతికాను. అందరిముందూ నిన్నడిగాను."

"మీరు పంచ్ ఏదని అడిగారు." ఆమె గొంతు కోపంగా లేదు, అలిసిపోయి ఉంది. "పిల్లకి ఏం పెట్టావని అడగలేదండీ."

పైన పాట మొదలుపెట్టారు. పక్క గోతిలో పలుగు చప్పుడు. ఆ తుప్పు ముద్దని గుడ్డలో, పిల్ల పక్కన నేనే పెట్టాను. తర్వాత పైకి రావడానికి గోతి అంచున చేతులు ఆనించాను. తెరేసమ్మ మోచెయ్యి పట్టి లాగింది. ఇద్దరం మట్టికుప్ప మీద కూర్చుండిపోయాం, మధ్యలో పెట్టె.

"ఇప్పుడడుగుతున్నా," అన్నాను. "ఇంకేం పెట్టావు, తెరేసా?"

ఆమె నన్ను చూసింది. కొంగుతో నా మొహం మీది మట్టి తుడిచింది. తెల్లగౌనుతో మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ చెప్పింది. ఆ రోజు పిల్లకి జడ ఎలా వేసిందో, రిబ్బను ఎవరింటి నుంచి తెచ్చిందో, అన్నీ చెప్పింది. మిగతావాళ్ళు పెట్టెలెత్తుకుని కాలవ వైపు నడిచి వెళ్ళిపోతున్నా, మేమక్కడే కూర్చున్నాం.